పెరిగినా రెండు కాలేని కణం



1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయికి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు కడుపుతో ఉన్నప్పుడు బాగా పాలిపోయి, నీరసించి, ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. కారణమేమిటో కనుక్కోవడం ఆవిడ పని. వాళ్ల రక్తాన్ని గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎర్రకణాలు చాలా తక్కువగా కనిపించాయి. రక్తహీనత గనుక అది అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటుంది. ఉన్న ఆ కొద్ది కణాలూ మామూలు ఎర్రకణాల కంటే పెద్దవి.

తిండి చాలని మనిషిలో కణం చిక్కిపోవాలి గానీ పెద్దదెలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇవాళ మనం కణంలోకి వెళదాం. జవాబు దొరకాలంటే కణం ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో, ఒకటి రెండుగా ఎలా మారుతుందో కొంత తెలియాలి. ఆ దారిలో భీమవరంలో పుట్టిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు మనకు మూడుచోట్ల ఎదురవుతారు. ఆయన పేరు మనలో చాలామంది విన్నారు. ఆయన చేసిన పని మాత్రం కణం గురించి తెలిస్తే తప్ప అర్థం కాదు.

కణాన్ని మొదట చూసి రాసినవాడు రాబర్ట్ హుక్. 1665లో లండన్‌లో అచ్చయిన ‘మైక్రోగ్రాఫియా’ అనే పుస్తకంలో, సీసాలకు బిరడాలు చేసే బెండు ముక్కను పలచగా కోసి చూసి, అందులోని చిన్నచిన్న గదుల బొమ్మ వేశాడు. ఆయన చూసినవి ఖాళీ గోడలే. లోపలి ప్రాణం ఎప్పుడో పోయింది. కదిలే, ఈదే ఒంటికణ జీవులను చూసినవాడు డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారం చేసుకునే లేవెన్‌హుక్. సొంతంగా సానబెట్టుకున్న గాజు పూసలతో 1670లలో చెరువు నీటిని చూశాడు. కణం మధ్యలోని కేంద్రకాన్ని రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆర్కిడ్ మొక్కల్లో గుర్తించి చెప్పాడు. మొక్కలన్నీ కణాలతో అయినవేనని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ ప్రకటించారు.

ఇంత తెలిశాక కూడా కొత్త కణం ఎక్కడి నుంచి వస్తుందన్నది చిక్కుగానే మిగిలింది. ఏదో ద్రవంలోంచి పేరుకుని తయారవుతుందని ష్లైడెన్, ష్వాన్ ఇద్దరూ అనుకున్నారు. కాదు, ప్రతి కణమూ అంతకు ముందున్న ఇంకో కణం నుంచే పుడుతుందని రాబర్ట్ రెమాక్ చూసి చెప్పాడు. 1855లో రుడాల్ఫ్ విర్కో ఆ మాటను అందరూ వినేలా చేశాడు. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మన ఒంట్లో ఇప్పుడు బతికున్న ఏ కణమైనా ఒక కణం చీలగా వచ్చింది, అది ఇంకొక దాని నుంచి, అది మరొక దాని నుంచి. ఈ వరుస అమ్మానాన్నల దగ్గర ఆగదు, మనుషుల దగ్గరా ఆగదు. 350 కోట్ల సంవత్సరాలకు పైగా ఎక్కడా తెగలేదు. భూమ్మీద ఇంత పాత వంశావళి ఇంకొకటి లేదు. దాన్ని మన చర్మం కింద పెట్టుకుని తిరుగుతున్నాం.

ఒక పెద్ద మనిషి ఒంట్లో దాదాపు 30 లక్షల కోట్ల కణాలుంటాయని లెక్క. వాటిలో నూటికి 80కి పైగా ఎర్రకణాలే. ఒక్కో ఎర్రకణం అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన ఏడూ ఎనిమిది వంతులు. అంటే వందకు పైగా కణాలను పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు.

ఇక లోపలికి వెళదాం. ముందు అడ్డుపడేది కణత్వచం. కొవ్వు అణువులు రెండు వరుసలుగా అమరి, మధ్యమధ్య ప్రొటీన్లు దిగబడిన అతి పలచని పొర ఇది. ఎంత పలచన అంటే పది వేల పొరలు పేర్చినా మందం ఒక మిల్లీమీటరులో పదో వంతుకు చేరదు. కానీ లోపలిదేదో బయటిదేదో నిర్ణయించేది ఇదే. లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడా నిలబెట్టడానికి పొరలోని ఒక ప్రొటీను మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటూ, మనం నిద్రపోతున్నా సరే పనిచేస్తూనే ఉంటుంది. 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పిన ఇంకో సంగతి మన దేశంలో లక్షల ప్రాణాలకు సంబంధించినది. పేగు కణాల పొరలో ఉండే ఒక ప్రొటీను చక్కెరను, ఉప్పులోని సోడియంను కలిపి అయితేనే లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరూ పోతుంది. వాంతులు విరేచనాలైన పిల్లవాడికి ఉత్త నీళ్లు కాక ఉప్పూ చక్కెరా సరైన పాళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్ ఇవ్వడం వెనక ఉన్నది ఈ పొర పనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ద్రావణంతో కలరా రోగులను బతికించి లోకానికి చూపించారు.

పొర దాటితే కణద్రవ్యం. అందులో లక్షల కొద్దీ రైబోజోములు ఉంటాయి. ప్రొటీన్లన్నీ వీటి మీదే తయారవుతాయి. కేంద్రకం నుంచి ఆర్‌ఎన్‌ఏ రూపంలో వచ్చిన సందేశాన్ని చదువుతూ, ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని వరసగా అతుకుతూ పోతాయి. బాక్టీరియాలకూ రైబోజోములు ఉన్నాయి గానీ, వాటి నిర్మాణం మన వాటికంటే కొంచెం తేడా. ఆ కొంచెం తేడాయే వైద్యానికి చోటిచ్చింది. బాక్టీరియా రైబోజోముకు అతుక్కుని దాని పని ఆపేసే మందు, మన రైబోజోముల జోలికి అంతగా రాకపోతే, జబ్బు పోయి మనిషి మిగులుతాడు. 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ అలాంటి మందు. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని వెలికితీసినవారు బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనలకు సారథి యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇది ఆయన మనకు ఎదురైన మొదటి చోటు. టెట్రాసైక్లిన్ రైబోజోములో సరిగ్గా ఎక్కడ అతుక్కుంటుందో, ఆ తర్వాత యాభై ఏళ్లకు, చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ బృందం అణువుల స్థాయిలో చూపించింది. రైబోజోము నిర్మాణం కనుగొన్నందుకు 2009లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది.

రైబోజోముకైనా కణత్వచానికైనా పనిచేయడానికి శక్తి కావాలి. అన్నం తింటే వచ్చిన గ్లూకోజు నేరుగా పని చేయించలేదు. మైటోకాండ్రియా అనే భాగాల్లో ఆక్సిజన్ సాయంతో దాన్ని విడగొట్టి, వచ్చిన శక్తిని ఏటీపీ అనే అణువులో దాస్తుంది కణం. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. చివరిది తెగితే శక్తి విడుదలవుతుంది, మళ్లీ అతికితే నిలవ అవుతుంది. మన ఒంట్లో ఒక సమయానికి ఉండే ఏటీపీ చాలా కొద్ది. కానీ అదే మళ్లీ మళ్లీ తెగి, అతికి, రోజు మొత్తం మీద తిరిగే ఏటీపీని తూస్తే దాదాపు మనిషి బరువుకు చేరువవుతుంది. ఈ అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొన్నాడు. అదే కాలంలో, విడిగా, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారూ కనుగొన్నారు. అంతకు రెండేళ్ల ముందు 1927లో, కండరాలు చప్పున కదలడానికి అక్కరకొచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కూడా వీళ్లిద్దరే బయటపెట్టారు. అప్పటిదాకా కండరానికి బలం గ్లైకోజెన్ నుంచి, లాక్టిక్ ఆమ్లం నుంచి నేరుగా వస్తుందని నమ్మేవారు. ఆ నమ్మకం కదిలిపోయింది. ఇది ఆయన ఎదురైన రెండో చోటు.

మైటోకాండ్రియా గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. మన కేంద్రకంలో ఉన్న దానితో సంబంధం లేకుండా, గుండ్రటి చిన్న డీఎన్‌ఏ, అందులో 37 జన్యువులు. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా ఇంకో కణంలో చేరి అక్కడే ఉండిపోగా మైటోకాండ్రియా అయిందని లిన్ మార్గులిస్ 1967లో వాదించినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకోనివారు దాదాపు లేరు. మొక్కల్లో ఎండను పట్టి ఆహారంగా మార్చే హరితరేణువులదీ అదే చరిత్ర. మనకు మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి.

ఇప్పుడు కేంద్రకం. మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన ఆరేడు వంతుల అడ్డుకొలత ఉన్న ఈ భాగంలో, సాగదీస్తే దాదాపు రెండు మీటర్లయ్యే డీఎన్‌ఏ ఉంటుంది. అది 46 పోగులుగా ఉంది. చేనేత ఇంట్లో నూలును ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లాలంటే విడిగా ఉన్న పోగును ఎవరూ ఎత్తరు. ముందు చిలపగా చుడతారు. లేకపోతే చిక్కుపడి తెగుతుంది. కణం కూడా మామూలు రోజుల్లో డీఎన్‌ఏను వదులుగా పరుచుకుని చదువుకుంటుంది. రెండుగా చీలే సమయం వచ్చినప్పుడు మాత్రం పోగు పోగునూ గట్టిగా చుట్టి దగ్గర చేస్తుంది. అలా చుట్టుకున్నప్పుడే అవి సూక్ష్మదర్శినిలో పొట్టి కడ్డీల్లా కనిపిస్తాయి. వాటినే క్రోమోజోములు అంటాం.

వాటిని లెక్కపెట్టడం అంత తేలిక కాదు. 1923 నుంచి మూడు దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ మనిషికి 48 క్రోమోజోములని రాశాయి. లెక్కపెట్టినవాళ్లకు కూడా 48 కనిపించాయి! 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ కణాలను పలచని ఉప్పునీటిలో ఉబ్బించి, క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, 46 అని తేల్చారు. మూడేళ్లకే ఆ లెక్క పనికొచ్చింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 47 ఉంటాయని 1959లో తెలిసింది. సరైన సంఖ్య తెలియకపోతే ఆ ఒక్కటి ఎక్కువని ఎవరికి తెలుస్తుంది?

కణవిభజన బొమ్మను మొదట వివరంగా గీసినవాడు వాల్టర్ ఫ్లెమింగ్. సాలమాండర్ అనే ఉభయచరం పిల్లల కణాలకు అప్పుడప్పుడే వచ్చిన కృత్రిమ రంగులు వేసి, పోగులు కనిపించడం, మధ్యకు చేరడం, చెరో పక్కకు విడిపోవడం చూసి 1882లో పుస్తకంగా వేశాడు. మన ఇంటర్ పిల్లలు ఉల్లిగడ్డను నీళ్ల సీసా మూతి మీద నిలబెట్టి, వచ్చిన వేరుకొసను నలిపి చూసేది దాన్నే. ముందు క్రోమోజోములు చుట్టుకుంటాయి. కేంద్రకం పొర కరిగిపోతుంది. కణం రెండు కొసల నుంచి సన్నని కండె తంతువులు వచ్చి ప్రతి క్రోమోజోమును పట్టుకుంటాయి. అన్నీ నడిమి గీత మీదకు చేరతాయి. ప్రతి ఒక్కటీ రెండు వైపుల నుంచీ సరిగ్గా పట్టుబడిందని తేలేదాకా కణం ముందుకు కదలదు. ఒక్క క్రోమోజోము ఆలస్యమైనా మిగతా 45 ఆగుతాయి. తేలాక, ప్రతి క్రోమోజోములోని రెండు ప్రతులూ ఒక్కసారిగా విడిపోయి చెరో కొసకు లాగబడతాయి. నడుమ కణద్రవ్యం నొక్కుకుని రెండవుతుంది. మొక్కల్లో అయితే మధ్యలో కొత్త గోడ లేస్తుంది. పెంపకంలో ఉన్న మనిషి కణానికి ఇదంతా దాదాపు గంటలో అయిపోతుంది.

పరీక్షల కోసం ప్రథమ, మధ్యస్థ, చలన, అంత్య దశలని నాలుగు పేర్లు పిల్లలు బట్టీ పడతారు. పడనివ్వండి. కానీ నా దృష్టిలో అసలు పని ఆ నాలుగు పేర్లకు ముందే జరిగిపోతుంది, ఏమీ కనిపించని సమయంలో. ఆ ఒక్క గంటకు ముందు దాదాపు ఇరవై మూడు గంటలు కణం బయటికి ఊరికే ఉన్నట్టుంటుంది. ఆ సమయంలో పెరుగుతుంది, ప్రొటీన్లు కూడబెడుతుంది, ఏడెనిమిది గంటల పాటు మొత్తం డీఎన్‌ఏకు రెండో ప్రతి తయారుచేస్తుంది. డీఎన్‌ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. ఒక కణంలో అలాంటివి 600 కోట్లకు పైగా జతలు. అన్నీ మళ్లీ రాయాలి. రాసిన వెంటనే సరిచూసే ఎంజైములు ఉన్నాయి కాబట్టి, మిగిలిపోయే తప్పు వంద కోట్ల అక్షరాలకు ఒకటి చొప్పున ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగి సరిచూసుకోవాలి అన్న నియంత్రణను కనుగొన్నందుకు లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్, టిమ్ హంట్‌లకు 2001లో నోబెల్ ఇచ్చారు. ఆ నియంత్రణ తప్పిన కణమే క్యాన్సర్‌కు మొదలు.

అండం, వీర్యకణం తయారయ్యే క్షయకరణ విభజన వేరు. అక్కడ 46 సగమై 23 అవుతాయి. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చినదీ మధ్యలో ముక్కలు మార్చుకుంటాయి. అందుకే అన్నదమ్ములు ఒకేలా ఉండరు. ఆడపిల్ల అండాల్లో ఈ విభజన ఆమె తల్లి గర్భంలో ఉండగానే మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మనం ఏ అండం నుంచి వచ్చామో అది మన అమ్మ, అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే మొదలైంది.

ఇప్పుడు బొంబాయి స్త్రీల దగ్గరికి వెళదాం. ఎర్రకణానికి కేంద్రకం లేదు, కాబట్టి అది చీలలేదు. దాదాపు 120 రోజులు తిరిగి పోతుంది. కొత్తవి ఎముక మజ్జలో, కేంద్రకం ఉన్న మూలకణాల నుంచి వస్తాయి, సెకనుకు 20 లక్షలకు పైగా. ఆ మూలకణం వరసగా కొన్నిసార్లు చీలుతుంది. చీలిన ప్రతిసారీ కొంచెం చిన్నదవుతుంది, లోపల హీమోగ్లోబిన్ నిండుతుంది, చివరికి కేంద్రకాన్ని బయటికి నెట్టేసి రక్తంలోకి వస్తుంది. ఇంత ఎడతెరిపి లేకుండా డీఎన్‌ఏ రాసుకునే చోటు శరీరంలో చాలా అరుదు.

డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో థైమిన్‌ది ఒక ప్రత్యేకత. ఆర్‌ఎన్‌ఏలో దాని బదులు యురాసిల్ ఉంటుంది. ఈ రెండింటికీ తేడా ఒక్క కార్బన్ ఉన్న చిన్న ముక్క. ఆ కార్బన్‌ను మోసుకొచ్చి యురాసిల్ రూపానికి తగిలించి థైమిన్ రూపంగా మార్చేది ఫోలిక్ ఆమ్లం నుంచి తయారయ్యే సహాయక అణువు. ఫోలిక్ ఆమ్లం చాలకపోతే థైమిన్ తగ్గుతుంది. డీఎన్‌ఏ ప్రతి సగంలో ఆగుతుంది. కానీ ఆర్‌ఎన్‌ఏకు థైమిన్‌తో పని లేదు గనుక, రైబోజోములు ఎప్పటిలా ప్రొటీన్లు చేస్తూనే ఉంటాయి. కణద్రవ్యం పెరుగుతుంది, హీమోగ్లోబిన్ నిండుతుంది, కణం చీలే సమయం వస్తుంది, చీలలేదు. అలాంటివి చాలావరకు మజ్జలోనే చచ్చిపోతాయి. బతికి బయటపడినవి, చీలవలసినన్ని సార్లు చీలకుండానే వచ్చినవి, పెద్దవిగా ఉంటాయి. లూసీ విల్స్ చూసినవి అవే. తిండి లేక కణం పెద్దదైన కారణం అది.

ఇనుము తక్కువైతే దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. హీమోగ్లోబిన్ చాలినంత నిండదు కనుక కణం ఆగకుండా మరోసారి చీలుతుంది, చిన్నదవుతుంది. మీ సీబీపీ రిపోర్టులో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది. అది ఎర్రకణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 మధ్య. బాగా తగ్గితే డాక్టరు ఇనుము సంగతి చూస్తారు. 100 దాటితే ఫోలిక్ ఆమ్లం, బీ12 సంగతి చూస్తారు. బీ12 లోపంలోనూ కణాలు పెద్దవవుతాయి. కాబట్టి అది చూడకుండా ఉత్త ఫోలిక్ ఆమ్లం మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ, నరాలు లోలోపల దెబ్బతింటూ పోతాయి.

లూసీ విల్స్ ఈస్ట్ సారంతో ఆ స్త్రీలకు నయమవుతుందని 1931లో రాశారు. అందులో ఏముందో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కాస్తంత తీశారు. అలా తీస్తే లోకానికి చాలదు. ప్రయోగశాలలో తయారుచేయాలి. 1945లో లెడర్లీలో సుబ్బారావు గారి బృందం ఆ పని చేసింది. ఇది మూడో చోటు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదువుకున్న మనిషి ఆయన. స్ప్రూ అనే పేగు జబ్బు వాళ్లింట్లోనే ప్రాణాలు తీసిందని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. పేగు ఆహారంలోని ఫోలిక్ ఆమ్లాన్ని పీల్చుకోలేకపోవడం ఆ జబ్బులో పెద్ద భాగం. 1923లో బోస్టన్ చేరి, పగలు చదువుతూ రాత్రి ఆసుపత్రి పనులు చేసుకుంటూ బతికిన ఆయన, ఇరవై రెండేళ్ల తర్వాత ఆ జబ్బుకు పనికొచ్చే మందు సీసాలో పట్టి ఇచ్చారు. బోదకాలు వ్యాధికి ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

అయితే కణం కథలో ఆయన పని అక్కడితో ఆగలేదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ముదిరింది. ఫోలిక్ ఆమ్లం చీలడానికి సాయం చేస్తుంది కదా, క్యాన్సర్ కణాలకూ అదే చేసింది. అంటే దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, ఎంజైముకు అతుక్కుని, పని మాత్రం చేయని అణువులను తయారుచేసింది. అందులో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనకడుగు వేసింది. ఆ మెరుగు కొన్ని నెలలే నిలిచింది. కానీ అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లోనో కొద్ది నెలల్లోనో పోయేవారు. ఆ ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ల వయసులో పోయారు. ఆయన బృందమే చేసిన తమ్ముడు మందు మెతోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. వైద్యం బాగా అందే దేశాల్లో ఆ పిల్లల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

ఫోలిక్ ఆమ్లం, దాన్ని అడ్డుకునే మెతోట్రెక్సేట్, ఈ రెండు మందులూ ఇవాళ మన ఇళ్లలో ఉన్నాయి. అందుకే ఇంత చెప్పాను.

ఒకటి, గర్భిణికి ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లగా వస్తుందనీ, కడుపులో తిప్పుతుందనీ పక్కన పెట్టేవాళ్లున్నారు. అన్నం తిన్నాక ఒక గంట ఆగి వేసుకుంటే వికారం చాలామందికి తగ్గుతుంది. మలం నల్లబడటం ఇనుము వల్ల, అందులో భయపడాల్సింది లేదు. కానీ ఉత్త ఫోలిక్ ఆమ్లం అంతకంటే ముందే కావాలి. బిడ్డ మెదడూ వెన్నుపామూ అయ్యే గొట్టం, గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని ముగింపుకు వస్తుంది. అది సరిగ్గా మూసుకోవాలంటే ఆ కొద్ది రోజుల్లో కణాలు అతి వేగంగా చీలాలి. బిడ్డ కావాలనుకుంటున్న స్త్రీ ముందే డాక్టరును అడిగి, రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. తోటకూర, పాలకూర, శనగలు, పెసలు, వేరుశనగల్లో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీళ్లు వంపేస్తే అది చాలావరకు పోతుంది.

రెండోది మెతోట్రెక్సేట్. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ చిన్న మోతాదులో ఎంతోమందికి మేలు చేస్తున్న మందు. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఒంట్లో రోజూ చీలవలసిన కణాలు నోటి లోపలి పొరలో, పేగులో, మజ్జలో ఉన్నాయి. మొదట నోట్లో పుండ్లు, తర్వాత విరేచనాలు, తర్వాత జ్వరం వస్తాయి. చీటీ మీద వారంలో ఏ రోజో పేరు రాయించుకోండి, సోమవారమైతే సోమవారమని. డాక్టరు వేరే రోజున వేసుకోమని ఫోలిక్ ఆమ్లం రాస్తే, అది మానకండి. నోరు పూస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇది వాడుతున్న స్త్రీ బిడ్డ కోసం ఆలోచిస్తే, గర్భం రాకముందే డాక్టరుకు చెప్పి, ఎన్ని నెలలు ఆపాలో అడిగి ఆపాలి. భర్త వాడుతున్నా ఆ మాట అడగాలి.